ఈకలకు లొంగని బంగారుతీగ

గోధుమపిండిలో కాస్త తవుడు కలిపి ముద్ద చేసి, గాలానికి గుచ్చి చెరువులో వేస్తే బంగారుతీగ పడుతుంది. దానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. వెదురు కర్ర, బెండు, కాస్త ఓపిక ఉంటే పదేళ్ల పిల్లవాడైనా పట్టగలడు. శాస్త్రజ్ఞులు సిప్రినస్ కార్పియో అని, లోకం కామన్ కార్ప్ అని పిలిచే చేప ఇదే.

ఇదే చేప అమెరికాలో కొలరాడో రాష్ట్ర రాజధాని డెన్వర్ నడిబొడ్డున పారే సౌత్ ప్లాట్ నదిలోనూ ఉంది. ఈకలతో కట్టిన ‘ఫ్లై’ అనే ఎర వేసి దాన్ని పట్టడానికి అక్కడ ‘కార్ప్ స్లామ్’ పేరుతో ఏటా పోటీ పెడతారు. వచ్చేవాళ్లలో కొండవాగుల్లో ట్రౌట్ చేపల్ని పట్టి చెయ్యి తిరిగినవాళ్లు ఉంటారు, దాన్నే బతుకుతెరువుగా చేసుకున్న గైడ్లు ఉంటారు. అయినా రోజంతా నీళ్లలో తిరిగి, ఒక్క చేపా పడకుండా ఒడ్డెక్కడం అక్కడ మామూలే.

పిల్లవాడికి చిక్కే చేప ఆరితేరినవాడికి ఎందుకు చిక్కదు? చేప ఒకటే. నది వేరు, చెరువు వేరు అన్నది నిజమే గానీ అసలు కారణం అది కాదు. మారింది ఎర. ఎర మారగానే చేప చెవి, కన్ను, చర్మం, నోరు అన్నీ మనిషికి అడ్డం తిరుగుతాయి. అందుకే ఫ్లైతో బంగారుతీగను పట్టే ఆటను అర్థం చేసుకోవాలంటే రాడ్డు గురించి కంటే ముందు చేప ఒళ్లు గురించి తెలుసుకోవాలి.

పిండిముద్ద పిలుస్తుంది, ఈక పిలవదు

నీళ్లలో పడ్డ పిండిముద్ద ఊరికే ఉండదు. కరుగుతూ ఉంటుంది. చక్కెరలు, పిండి రేణువులు, ప్రోటీన్ల నుంచి విడివడిన అమైనో ఆమ్లాలు చుట్టూ నీళ్లలోకి వ్యాపిస్తాయి. ఆ రుచి ఎక్కడినుంచి వస్తోందో వెతుక్కుంటూ చేప తనే ఈదుకుంటూ వస్తుంది. గాలం వేసినవాడు చేపను చూడనక్కర్లేదు. బెండు మునిగినప్పుడు చూస్తే చాలు.

ఫ్లై అంటే ఇనుప గాలం మీద దారంతో బిగించి కట్టిన ఈకలు, బొచ్చు, రబ్బరు పోచలు. కుందేలు బొచ్చు, కోడి మెడ ఈకలు, నెమలి పింఛం పోచలు ఈ కట్టుబడిలో తరతరాలుగా వాడుతున్నవి. విక్టోరియా రాణి కాలపు సాల్మన్ ఫ్లైలకు మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలంటే ఎంతో మోజు. వాటి చివర్లో మైనంలా మెరిసే చుక్కలు అందుకు కారణం. ఇలా కట్టిన ఫ్లై పురుగులా కనిపించవచ్చు, పురుగులా కదలవచ్చు. కానీ దానికి రుచి లేదు, వాసన లేదు. నీళ్లలోకి అది పంపే కబురు ఏదీ లేదు. కాబట్టి చేప దాని దగ్గరికి రాదు. దాన్నే చేప నోటి ముందుకు చేర్చాలి. చేర్చాలంటే చేప కనబడాలి. చేపను చూడగలిగేంత దగ్గరికి వెళ్తే చేపకు మనిషి తెలిసిపోతాడు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

బాక్స్: బరువు లేని ఎర అంత దూరం ఎలా పోతుంది?

మామూలు గాలానికి సీసం గుండు కడతాం. విసిరినప్పుడు ఆ గుండు ముందు పోతూ సన్నటి దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువు లేదు, కాబట్టి ఇక్కడ పని తలకిందులు. బరువంతా దారంలోనే పెడతారు. లావుగా, ప్లాస్టిక్ పూత పూసిన ఆ దారమే ఎగిరి, కొసన ఉన్న ఫ్లైని తీసుకుపోతుంది. బంగారుతీగకు వాడే 6 నుంచి 8 నంబరు దారాల్లో మొదటి 30 అడుగుల బరువు సుమారు 10 నుంచి 14 గ్రాములు.

ముందు దారాన్ని వెనక్కి విసిరి గాలిలో చాపుతారు. అది పూర్తిగా చాచుకున్నాక రాడ్డును ముందుకు ఊపితే దారం బరువుకు రాడ్డు వంగుతుంది. ఊపును ఉన్నట్టుండి ఆపగానే వంగిన రాడ్డు నిటారు అవుతూ తన శక్తిని దారానికి ఇచ్చేస్తుంది. దారం గాలిలో ఒక మడతగా ఏర్పడి, ఆ మడత ముందుకు దొర్లుతూ పోతుంది. దారం కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, చివరన దానికంటే సన్నని నైలాన్ పోగు ఉంటుంది. అందువల్ల శక్తి దారిలోనే ఖర్చయి, ఫ్లై నీళ్ల మీద మెత్తగా వాలుతుంది. మెత్తగా వాలకపోతే ఏమవుతుందో చేప చెవి సంగతి తెలిస్తే అర్థమవుతుంది.

చెవికీ గాలితిత్తికీ మధ్య ఎముకల వంతెన

చేపలకు బయటికి కనబడే చెవి లేదు గానీ తల లోపల వినికిడి అవయవం ఉంది. అయితే చేప ఒంటి సాంద్రత దాదాపు నీటి సాంద్రతే కాబట్టి శబ్దతరంగం ఒంట్లోంచి దూసుకుపోతుంది. మాంసం ఆ తరంగాన్ని ఆపి పట్టుకోదు. పట్టుకోగలిగింది గాలి. ఈత కోసం చేప కడుపులో ఉండే గాలితిత్తి, శబ్దం తగలగానే వ్యాకోచిస్తూ సంకోచిస్తూ కంపిస్తుంది. చాలా చేపల్లో ఆ కంపనం చెవి దాకా పూర్తిగా చేరదు. కార్ప్ కుటుంబంలో మాత్రం గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా నాలుగు జతల బుల్లి ఎముకలు వరసగా అమరి ఉంటాయి. వెన్నెముక ముందుభాగపు ముక్కలే పరిణామంలో ఇలా రూపు మార్చుకున్నాయి. 1820లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ హైన్‌రిచ్ వెబర్ వీటిని వర్ణించాడు. నేటికీ అవి ఆయన పేరుతోనే ఉన్నాయి.

ఫలితం చిన్నది కాదు. ట్రౌట్‌తో సహా సాల్మన్ జాతి చేపలు కొన్ని వందల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని దాదాపు వినలేవు. బంగారుతీగ సుమారు 3,000 హెర్ట్జ్ దాకా వింటుంది, అందులోనూ మెల్లని శబ్దాలను పసిగడుతుంది. ట్రౌట్ దగ్గర చెల్లిన నడక ఇక్కడ చెల్లదు.

ఒడ్డున నిలబడి మాట్లాడుకుంటే మాత్రం చేప అంతగా పట్టించుకోదు. గాలిలో పుట్టిన శబ్దం నీటి ఉపరితలానికి తగిలి దాదాపు అంతా వెనక్కి మళ్లుతుంది. కాళ్ల కింద గులకరాళ్లు కరకరలాడటం, బూటు రాయికి తగలడం అలా కాదు. అవి నేల నుంచి నేరుగా నీళ్లలోకి దిగి, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో చేపను చేరతాయి. బరువైన ఫ్లై టప్పున పడ్డా అంతే. అనుభవజ్ఞులైన వేటగాళ్లు నీళ్లలో ఒక్కో అడుగు పడేముందు పాదంతో నేలను తడుముకుంటూ పోవడం చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. అది అతిజాగ్రత్త కాదు.

నీటి లోంచి మనిషి ఎలా కనబడతాడు

కాంతి గాలి నుంచి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది. దానివల్ల నీటి అడుగున ఉన్న చేపకు పైలోకమంతా తల మీద ఒక గుండ్రటి కిటికీలోనే కనబడుతుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. కిటికీ అవతల ఉపరితలం అద్దంలా మారి, నదీగర్భాన్నే తిరిగి చూపిస్తుంది. ఒడ్డున నీటిమట్టానికి దగ్గరగా ఉన్న వస్తువులన్నీ కిటికీ అంచున నలిగి, సన్నబడి, మసకగా కనబడతాయి.

దీని నుంచి వేటగాడికి ఒక లెక్క దొరుకుతుంది. నీటిమట్టానికి పది డిగ్రీల కోణం లోపల ఉన్నదేదైనా చేపకు సరిగా ఆనదు. పది మీటర్ల దూరంలో నీటి అంచున నిలబడ్డ మనిషి దాదాపు ఆ కోణంలోనే ఉంటాడు. అదే మనిషి నాలుగడుగులు దగ్గరికి వస్తే, లేదా గట్టెక్కి నిలబడితే, తలా భుజాలూ కిటికీలోకి వచ్చేస్తాయి. అందుకే వంగి నడవడం, మోకాళ్ల మీద కూర్చుని విసరడం.

బాక్స్: నీటి మీది మెరుపును తీసేసే కళ్లద్దాలు

ఫ్లైతో బంగారుతీగను పట్టేవాళ్లు రాడ్డు మరిచిపోయినా కళ్లద్దాలు మరవరు. నీటి మీద పడి వెనక్కి మళ్లిన వెలుగులో తరంగాల కంపనం చాలావరకు నీటికి సమాంతరంగా, అడ్డంగా ఉంటుంది. పోలరైజ్డ్ అద్దాలు నిలువు కంపనాన్ని రానిచ్చి అడ్డ కంపనాన్ని ఆపుతాయి. ఉపరితలపు మెరుపు మాయమై, అడుగునున్న చేప వెన్ను బయటపడుతుంది. చూపు నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో పడినప్పుడు ఈ పని అన్నిటికంటే బాగా జరుగుతుంది. తలను కాస్త పక్కకు వంచినా కనబడేది మారిపోతుంది.

నోట్లో జరిగే చెరుగుడు

ఇంతవరకూ చెప్పిందంతా చేప బెదరకుండా దగ్గరికి చేరడం గురించే. అసలు కష్టం ఆ తర్వాత ఉంది. బంగారుతీగ అడుగుపట్టి తినే చేప. తల కిందికి, తోక పైకి పెట్టి బురదలో మూతి దూర్చి తింటుంది. దాని పై పెదవి గొట్టంలా ముందుకు సాగుతుంది. నోరు ఒక్కసారిగా తెరుచుకోగానే లోపల ఒత్తిడి పడిపోయి, బురద, ఇసుక, గులకలు, పురుగులు, నత్తలు అన్నీ నీటితో కలిసి లోపలికి లాగేసుకుపోతాయి. ఏది తిండో ఏది కాదో అది బయట తేల్చుకోదు. నోట్లో తేల్చుకుంటుంది.

ఎలా? చాటలో బియ్యం చెరిగితే గింజ చాటలో నిలుస్తుంది, ఊక ఎగిరిపోతుంది. బంగారుతీగ నోట్లో జరిగేది దాదాపు అదే పని, గాలి బదులు నీరు. అంగిలి వెనకభాగాన ఒక మందపాటి కండరపు మెత్త ఉంటుంది. దాని నిండా రుచిమొగ్గలు. నోట్లోకి వచ్చిన సరుకులో ఏ కణం రుచిగా తగిలితే అక్కడికక్కడ ఆ మెత్త కొద్దిగా ఉబ్బి, కణాన్ని కింది మొప్పల కమానుకు అదిమి పట్టుకుంటుంది. మిగతా ఇసుకను నీళ్లు మొప్పల సందుల్లోంచి బయటికి కడిగేస్తాయి. పెద్ద రాళ్లయితే నోటి గుండానే బయటికి వస్తాయి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో ఫెర్డినాండ్ సిబ్బింగ్ 1980ల్లో ఎక్స్‌రే చలనచిత్రాలు తీసి ఈ పనిని దశలవారీగా విప్పి చూపించాడు. ఇసుకలో కలిసిపోయిన చిన్న పురుగుల్ని కూడా ఈ చేప ఏరుకోగలదు.

ఇంత సూక్ష్మమైన పనికి మెదడు కావాలి. కార్ప్ మెదడు వెనకభాగంలో నోటి రుచి కబుర్లు అందుకునే ప్రత్యేకమైన బొడిపె పెరిగి ఉంటుంది. మెదడు మొత్తంలో ప్రస్ఫుటంగా కనబడే భాగాల్లో అదొకటి. రుచిమొగ్గలు నోట్లోనే కాదు, పెదవుల మీద, రెండు జతల మీసాల మీద, ఒంటి చర్మం మీద కూడా ఉంటాయి. మన నాలుకకు పరిమితమైన పనిని ఈ చేప ఒళ్లంతా చేస్తుంది.

నోట్లో నిలిచింది గొంతులోకి పోతుంది. బంగారుతీగ దవడలకు పళ్లు లేవు, కానీ గొంతులో బండపళ్లున్నాయి. పైన గట్టి పలక, కింద పళ్లు. మధ్యన నత్తగుల్ల పడితే పొడి అవుతుంది. ఇంకో విశేషం, ఈ చేపకు జీర్ణాశయం లేదు. పొడవాటి పేగే అంతా. ఒక్కసారి నిండా తిని పడుకునే వీలు లేదు కాబట్టి వేడి రోజుల్లో పొద్దస్తమానం కొంచెం కొంచెంగా తింటూనే ఉంటుంది. వేటగాడికి ఇది మేలు: తినే చేప ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఇప్పుడు ఫ్లై సంగతి ఆలోచించండి. కంటిని మోసం చేయడానికి ఎంత పనితనం పెట్టినా, చివరి తీర్పు నోటిది. కుందేలు బొచ్చుకు రుచి లేదు, గాలం ఇనుముకు లేదు. రుచి తగలని సరుకు ఇసుకతో సమానం. చేప దాన్ని లాక్కున్నంత వేగంగా ఉమ్మేస్తుంది. వేటగాడికి దొరికేది లాక్కోవడానికీ ఉమ్మడానికీ మధ్యనున్న సందు మాత్రమే, చాలాసార్లు సెకను కూడా ఉండదు. చేతికి ఏమీ తెలియదు. చేప దారాన్ని లాగదు. నోరు తెరిచి మూసింది, అంతే. పిండిముద్దకు రుచి ఉంది కాబట్టి నోట్లో నిలుస్తుంది, చేప కదులుతుంది, బెండు మునుగుతుంది. ఫ్లైకి ఆ వెసులుబాటు లేదు. పిల్లవాడికి చిక్కే చేప ఆరితేరినవాడికి చిక్కకపోవడానికి అసలు కారణం ఇది.

ఆ సందులో పని ఎలా జరుగుతుంది

కాబట్టి ఈ ఆటలో చూపే ప్రధానం. తోక పైకి లేచి, చుట్టూ బురద మేఘం కమ్మి, సన్నటి బుడగలు తేలుతుంటే చేప మేస్తోందని అర్థం. అదే పట్టదగ్గ చేప. మెల్లగా, ఒక దిక్కుగా ఈదుతుంటే వెతుకులాటలో ఉన్నట్టు. ఒక విసురు ప్రయత్నించవచ్చు. ఎండలో నీటి పైన కదలకుండా ఉన్న గుంపు మేతలో లేదు, దాన్ని వదిలేయడం మంచిది. వేగంగా దూసుకుపోయేది అప్పటికే బెదిరింది.

మేస్తున్న చేపకు తలకిందే లోకం. నోటి ఎదుట ఒక పళ్లెమంత వైశాల్యంలో ఏముందో అదే దానికి లెక్క. అంత చోటులో ఫ్లైని నేరుగా పడేస్తే చప్పుడుకు పారిపోతుంది. దూరంగా పడేస్తే కనబడదు. దీనికి వేటగాళ్లు కనిపెట్టిన ఉపాయం చక్కనిది. చేపకు అవతల, దాని కంటే ముందుకు ఫ్లైని విసురుతారు. రాడ్డు కొసను పైకెత్తి, ఫ్లై నీటి మీదే జారేలా మెల్లగా లాక్కొస్తారు. చేప తల ఎదుటికి రాగానే కొసను దించితే ఫ్లై కిందికి మునిగి సరిగ్గా ఆ పళ్లెంలో దిగుతుంది. ఆ తర్వాత కదిలించరు. బురదలోంచి లేచి పడిపోయిన పురుగులా అది అక్కడే ఉంటుంది.

ఫ్లై కట్టుబడి కూడా ఈ అవసరానికి తగ్గట్టే మారింది. గాలం పై వైపున గొలుసు పూసలు కట్టి బరువు పెడితే, ఫ్లై నీళ్లలో తిరగబడి ముల్లు పైకి వస్తుంది. అడుగున రాళ్లకు చిక్కుకోదు. బొచ్చు, రబ్బరు కాళ్లు పెట్టడానికి కారణం, మనం లాగకపోయినా చిన్న ప్రవాహానికే అవి ఊగుతుంటాయి. ఆగి ఉన్నా బతికున్నట్టు అనిపించడమే ఇక్కడ కావలసింది.

ఇక కళ్లు చేప మీదే. తల కాస్త పక్కకు తిరిగిందా, ఒళ్లు ఒక అంగుళం కిందికి దిగిందా, మొప్పల మూత విచ్చుకుందా, తోక ఒక్కసారి అల్లాడిందా? ఇందులో ఏదొకటి కనబడగానే ఎడమచేత్తో దారాన్ని సాగలాగాలి. ఫ్లై నోట్లో ఉంటే ముల్లు దిగుతుంది. రాడ్డును పైకెగరేస్తే మాత్రం, నోట్లో లేని ఫ్లై చేప ముఖం ముందునుంచి ఎగిరిపోయి అది బెదిరిపోతుంది.

ఈ పద్ధతికి అవతల మరో రకం వేట కూడా ఉంది, అది రుతువును బట్టి వస్తుంది. వేసవి మొదట్లో సౌత్ ప్లాట్ ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల దూది గింజలు గాలికి రాలి నీళ్ల మీద తెట్టు కడతాయి. వాషింగ్టన్ దగ్గర పోటమాక్ ఒడ్డున మల్బరీ పండ్లు రాలతాయి. బంగారుతీగ అడుగు వదిలి పైకొచ్చి, పెదవులు చప్పరిస్తూ వాటిని తింటుంది. అప్పుడు దూదిలా, పండులా కట్టిన ఫ్లైలు పనిచేస్తాయి. నీటి మీద తేలేదాన్ని తినేటప్పుడు నోట్లో బురద లేదు కాబట్టి కాసేపు ఏరివేత జోరు తగ్గుతుందని నా ఊహ. నిరూపించిన సంగతిగా కాక ఊహగానే చెబుతున్నాను.

భయం, జ్ఞాపకం

1938లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒక విషయం ప్రకటించాడు. తేనెటీగల భాషను విప్పి 1973లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. కార్ప్ కుటుంబానికే చెందిన మినో అనే చిన్న చేప చర్మం గాయపడితే, దాని నుంచి ఒక రసాయనం నీళ్లలోకి వచ్చి, గుంపులోని మిగతా చేపలన్నీ బెదిరిపోతాయి. ఈ హెచ్చరిక రసాయనం కార్ప్ బంధువర్గం అంతటా ఉంది. ఒక చేపను పట్టి, అది పెనుగులాడాక అదే చోట రెండోదాన్ని పట్టడం ఎందుకు కష్టమో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

దానికి జ్ఞాపకం తోడు. డచ్ జీవశాస్త్రజ్ఞుడు బ్యూకెమా చెరువుల్లో బంగారుతీగలకు గాలం వేసి, పట్టినవాటిని గుర్తుపెట్టి వదిలి పరిశీలించాడు. 1970లో వెలువడిన ఫలితం ప్రకారం, ఒక్కసారి గాలానికి చిక్కిన చేపలు ఆ తర్వాత చాలాకాలం మళ్లీ చిక్కడం బాగా తగ్గిపోయింది. పాఠం నేర్వడానికి ఒక్క అనుభవమే సరిపోయింది. ఇంత తెలివిగల చేపను మందకొడి అని కొట్టిపారేసిన కాలం ఒకటి ఉండేది. అంతకు చాలా ముందే, పదిహేడో శతాబ్దంలో, ఇంగ్లండు రచయిత ఐజాక్ వాల్టన్ తన వేట గ్రంథంలో కార్ప్‌ను నదుల రాణిగా గౌరవించాడు. ఆ గౌరవం అమెరికాలో నిలవలేదు.

రైలెక్కి వచ్చిన చేప

అమెరికాలో ఈ చేప మొదట లేదు. నల్ల సముద్రం, కాస్పియన్, ఆరల్ సముద్రాల్లో కలిసే నదులు దాని పుట్టిల్లు. 1871లో ఏర్పడిన అమెరికా చేపల కమిషన్‌కు అధిపతి స్పెన్సర్ బెయిర్డ్. అప్పటికి తూర్పు తీరాన స్థానిక చేపలు తరిగిపోతున్నాయి. తక్కువ ఖర్చుతో, ఏ నీళ్లలోనైనా పెరిగే చేప కోసం వెతికి, 1877లో జర్మనీ నుంచి 345 కార్ప్‌లను తెప్పించి బాల్టిమోర్‌లోని డ్రూయిడ్ హిల్ పార్కు చెరువుల్లో వదిలారు. తర్వాత వాషింగ్టన్‌లో పెంచి, రైళ్లలో దేశమంతా పంచిపెట్టారు. జనం తమ ప్రతినిధులకు ఉత్తరాలు రాసి మరీ తెప్పించుకున్నారు. పాతికేళ్లు తిరగకముందే అదే చేప మీద విరక్తి పుట్టింది. రుచి నచ్చలేదు, చెరువులు బురదమయమయ్యాయి.

ఫ్లై వేటగాళ్లు దాన్ని గౌరవంగా చూడటం ఇటీవలి సంగతి. 1997లో బారీ రేనాల్డ్స్, బ్రాడ్ బెఫస్, జాన్ బెరీమన్ కలిసి ఈ వేట మీద ఒక పూర్తి పుస్తకమే రాశారు. అప్పటి నుంచి దీనికి ఆదరణ పెరుగుతూ వచ్చింది.

డెన్వర్: కార్ప్‌తో నదికి డబ్బు

సౌత్ ప్లాట్ కథ వేటకు మించినది. 1965 జూన్‌లో ఆ నది పొంగి డెన్వర్‌ను ముంచెత్తింది. దాని ఫలితంగా ఎగువన చాట్‌ఫీల్డ్ ఆనకట్ట లేచింది. అప్పటికి నగరంలో నది చెత్తకుప్పలకు, పైపుల మురుగుకు అలవాటుపడి ఉంది. 1974 నుంచి నగరం, గ్రీన్‌వే ఫౌండేషన్ కలిసి ఒడ్డులు శుభ్రం చేసి, నడక దారులు వేసి, చెర్రీ క్రీక్ కలిసే చోట కాన్‌ఫ్లుయెన్స్ పార్కు కట్టారు. అయినా నగరంలో నీళ్లు వేసవికి వెచ్చబడతాయి, దిగువన ఏడాదిలో చాలాకాలం ప్రవాహంలో ఎక్కువ వంతు శుద్ధి చేసిన మురుగునీరే. ట్రౌట్‌కు లీటరు నీటిలో 5, 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి, నీళ్లు చల్లగా ఉండాలి. బంగారుతీగ అందులో కొద్ది భాగంతోనూ బతుకుతుంది. ట్రౌట్ తట్టుకోలేని చోట అది స్థిరపడింది.

చల్లని నీటి చేపల కోసం 1959లో మిషిగన్‌లో పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థకు డెన్వర్‌లో శాఖ ఉంది. కార్ప్ స్లామ్ నిర్వహించేది ఆ శాఖే. అనుభవమున్న ఒకరిని, కొత్తవారొకరిని జతచేసి నగరంలోని నది భాగాల్లోకి పంపుతారు. పట్టిన చేపను కొలిచి తిరిగి వదులుతారు. పాల్గొనేవాళ్లు ముందుగా విరాళాలు సేకరిస్తారు; ఆ డబ్బు సౌత్ ప్లాట్ బాగుకు పోతుంది. ట్రౌట్‌ను ప్రేమించేవాళ్లు కార్ప్‌ను పట్టి నదికి డబ్బు సమకూర్చడం నాకు ఎంతో నచ్చిన సంగతి. కారణం సాధారణమైనదే: ఈ వేటలో నదిని అడుగడుగునా చూడక తప్పదు. ఏ వంతెన కింద నీరు నిలుస్తుందో, ఏ గొట్టం దగ్గర వెచ్చగా ఉందో, ఎక్కడ ఒడ్డు కోసుకుపోతోందో రోజంతా వంగి నడిచినవాడికి తెలుస్తుంది. ప్లాస్టిక్ సంచిని చేపగా పొరబడి దాని వెంట పది నిమిషాలు పాకినవాడికి సంచుల గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఈ పోటీ ఒక్కరోజుది. మిగతా ఏడాది దాని వెనుక ఉన్న మనుషులు చలికాలం సాయంత్రాల్లో ఫ్లై షాపుల్లో చేరి ఫ్లైలు కడతారు, కొత్తవాళ్లకు విసరడం నేర్పుతారు. ఊరి నది దగ్గరే ఉంటుంది, కొండలకు వెళ్లే ఖర్చు లేదు. అందుకే విద్యార్థులకు, సాయంత్రం ఆఫీసు వదిలి వచ్చేవాళ్లకు ఇది అందుబాటులో ఉంటుంది.

మిషిగన్ సరస్సులో ముగ్గురు వలసదారులు

ఇంకోచోట ఈ వేటకు దారి వేసింది పర్యావరణంలో వచ్చిన ఉత్పాతం. ఓడల అడుగున నింపుకునే నీళ్లతో నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతం నుంచి 1980ల చివర్లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప అమెరికా మహాసరస్సుల్లోకి చేరింది. తర్వాత దాని బంధువు క్వాగా వచ్చింది. ఇవి నీళ్లను వడగట్టి అందులోని నాచు కణాలను తినేస్తాయి. కోట్ల కోట్లుగా పెరిగి మిషిగన్ సరస్సు నీటిని స్ఫటికంలా తేటగా మార్చాయి. నాచు పోయింది కాబట్టి ఆహారపు గొలుసు కింది మెట్టు కుంగింది; స్థానిక చేపలకు అది దెబ్బ. 1990లో అదే ప్రాంతం నుంచి వచ్చిన రౌండ్ గోబీ అనే చిన్న అడుగు చేప కనబడింది, ఆ ఆల్చిప్పలను తిని విస్తరించింది.

బీవర్ ద్వీపం చుట్టూ లోతులేని రాతి తీరాల్లో తిరిగే బంగారుతీగలు ఇప్పుడు గోబీలను, క్రేఫిష్ అనే మంచినీటి రొయ్యజాతి జీవులను వేటాడతాయి. నీరు అంత తేటగా ఉండటంతో దూరం నుంచే కనబడతాయి. పేరున్న కార్ప్ తీరంగా ఆ ద్వీపం మారిపోయింది. ఒకే ప్రాంతంలో పుట్టిన మూడు జీవులు వేర్వేరు కాలాల్లో వచ్చి, ఒక కొత్త సరస్సులో మళ్లీ ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. ఆ తేటనీరు ఆరోగ్యానికి గుర్తు కాదన్న సంగతి అక్కడికి వెళ్లే వేటగాడికి తెలిసి ఉండాలి.

ఎక్కువైతే

చేప అందాన్ని మెచ్చుకోవడం వేరు, అది చేసే నష్టాన్ని దాచడం వేరు. బురదను తవ్వి తినే అలవాటు మొక్కల వేళ్లను పెకలిస్తుంది. అడుగున అణిగి ఉన్న భాస్వరం పైకి లేస్తుంది, నాచు పెరుగుతుంది, నీళ్లు పచ్చబడతాయి. పెద్ద ఆడచేప ఏడాదికి పది లక్షలకు పైగా గుడ్లు పెట్టగలదు. ఆస్ట్రేలియా ముర్రే డార్లింగ్ నదీ వ్యవస్థలో ఎన్నో చోట్ల మొత్తం చేపల బరువులో అధిక భాగం ఇదే. మన కశ్మీర్‌లోని దాల్ సరస్సులో కూడా ఈ విదేశీ చేప స్థానిక జాతుల చోటును ఆక్రమించింది.

దీన్ని అదుపు చేయడంలో అమెరికాలోని మిన్నెసోటా పరిశోధకులు రెండు సంగతులు కనిపెట్టారు. చలికాలంలో ఇవి గుంపులు కడతాయి. కొన్నిటికి రేడియో పరికరం అమర్చి వదిలితే అవే గుంపు దగ్గరికి దారి చూపుతాయి, అప్పుడు మంచు కింద వల వేసి ఎత్తవచ్చు. రెండోది ఇంకా ఆసక్తికరం. బ్లూగిల్ అనే స్థానిక చేప కార్ప్ గుడ్లను, పిల్లలను తినేస్తుంది. చలికాలంలో ఆక్సిజన్ అడుగంటి బ్లూగిల్‌లు చచ్చిపోయే లోతులేని చెరువుల్లోనే కార్ప్ పిల్లలు పెరిగి పెద్దవవుతున్నాయి. పట్టడం ఒక్కటే దారి కాదు, గుడ్లు తినే చేపను బతికించుకోవడం కూడా ఒక దారి.

మన చెరువులో

మన దేశానికి ఈ చేపలో జర్మన్ రకం 1939లో సిలోన్ నుంచి నీలగిరులకు, బ్యాంకాక్ రకం 1957లో కటక్‌కు వచ్చాయి. తెలుగునాట బొచ్చె, రోహు, మృగాల, గడ్డిచేప, వెండిచేపలతో కలిపి పెంచడం వల్ల బంగారుతీగ అంతటా పాకింది. చెరువుగట్టున నిలబడి చూడాలంటే ఉదయం గాలి వీయకముందు సమయం బాగుంటుంది. అంచుకు రెండు గజాల దూరం లోపల, నీళ్లు కాస్త తేటగా ఉన్నచోట వెతకండి. వరసగా తేలుతూ ముందుకు సాగే సన్నని బుడగలు, పొగలా లేచే బురద, మధ్యలో ఒక్కసారి మెరిసి మాయమయ్యే తోక. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే బురద మేఘానికి ముందు తల ఎటు తిరిగి ఉందో కనబడుతుంది. అడుగు గట్టిగా వేస్తే కాస్త దూరంలో ఉన్నా అది తెలుసుకుంటుంది, వేసి చూడండి. గాలం వేయాలనుకుంటే మాత్రం, చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల కౌలులో ఉంటాయి కాబట్టి ముందు వాళ్లను అడగాలి. అక్కడ పెంచుతున్న చేప వాళ్ల కూడు.